టూరుకి లోన్, చేతిలో పదివేలు: కారు బుక్ చేసే ముందు ఈ లెక్క చూడండి

ప్రశ్న: సార్, మేం హైదరాబాద్ నిజాంపేటలో ఉంటాం. నాకు చేతికి 1,35,000 వస్తుంది, మా ఆవిడ టీచర్, తనకి 32,000. హోమ్ లోన్ ఈఎంఐ 56,000, కారు ఈఎంఐ 13,500, ఇల్లు, పిల్లల ఫీజులు అన్నీ కలిపి నెలకి 70,000 దాకా అవుతుంది. మ్యూచువల్ ఫండ్ సిప్ (నెలనెలా పెట్టే పెట్టుబడి) 15,000 కడుతున్నా. ఎఫ్‌డీలో 2,10,000 ఉంది. ఖమ్మంలో నాన్నగారికి 68, షుగర్ ఉంది. వచ్చే మే ఆఖర్లో పిల్లలిద్దరితో (9, 6 ఏళ్లు) కోపెన్‌హాగెన్ లో దిగి, కారు రెంట్‌కి తీసుకుని, స్వీడన్ మీదుగా ఓస్లో, అక్కణ్నుంచి క్రిస్టియాన్‌సాండ్, అక్కడ కారుతో సహా ఫెర్రీ ఎక్కి డెన్మార్క్ హిర్ట్స్‌హాల్స్ లో దిగి మళ్లీ కోపెన్‌హాగెన్. 14 రోజులకి 9 లక్షలు లెక్క వేశాను. 7 లక్షలు బ్యాంక్ యాప్‌లో ప్రీ-అప్రూవ్డ్ పర్సనల్ లోన్ ఉంది (14 శాతం, 3 ఏళ్లు), 2 లక్షలు ఎఫ్‌డీ నుంచి తీస్తా. సిప్ ఆపేస్తే ఈఎంఐ ఈజీగా కట్టొచ్చు, బోనస్ వస్తే ముందే తీర్చేస్తా. ఫారెక్స్ కార్డులో (విదేశీ కరెన్సీ ముందే వేసుకుని వాడే కార్డు) యూరోలు ఇప్పుడే లోడ్ చేసుకోవాలా, ట్రిప్ ముందు చేసుకోవాలా?

జవాబు: ముందు మీరడిగిందానికి చెప్పేస్తా. యూరోలు అసలు లోడ్ చేయొద్దు. మీరు వెళ్లే మూడు దేశాల్లో ఒక్కచోట కూడా యూరో కరెన్సీ కాదు, డెన్మార్క్ కి డానిష్ క్రోన్, స్వీడన్ కి స్వీడిష్ క్రోనా, నార్వే కి నార్వేజియన్ క్రోన్. యూరో వేసుకున్న కార్డు అక్కడ గీకితే దాన్ని మళ్లీ క్రోన్ లోకి మార్చినందుకు ఇంకోసారి చార్జీ పడుతుంది. 9 లక్షల ప్లాన్‌లో ఇంత బేసిక్ విషయం చూసుకోలేదంటే మిగతా లెక్క కూడా యాప్ చూపించిన ఈఎంఐ దగ్గరే ఆగిపోయి ఉంటుందని నా అనుమానం, మీ ఉత్తరం రెండోసారి చదివితే అదే నిజమనిపించింది. ఇలాంటి ఉత్తరాలు ఈమధ్య చాలా వస్తున్నాయి కాబట్టే మీది తీసుకున్నా.

మీ లెక్క మీకే చూపిస్తా. 7 లక్షలకి 14 శాతం మీద 3 ఏళ్లంటే ఈఎంఐ దాదాపు 23,900, మొత్తం కట్టేది 8,61,000 దాకా, అంటే వడ్డీయే 1,61,000. ప్రాసెసింగ్ ఫీజు, దానిమీద జీఎస్టీ వేరే. ఇప్పుడు ఇద్దరి జీతం 1,67,000 లో రెండు ఈఎంఐలు, ఇంటి ఖర్చు పోను 27,500 మిగులుతోంది, సిప్ అందులోంచే కడుతున్నారు. ఈ లోన్ తీసుకుంటే మిగిలేది 3,600. సిప్ ఆపేశాక, మూడేళ్ల పాటు, నెలకి 3,600! దీన్ని మీరు ఈజీ అంటున్నారు. జీతంలో సగానికి పైగా ఈఎంఐలకే పోతున్న ఇంట్లో ఏదీ ఈజీగా ఉండదు బాబూ.

అది కూడా పక్కన పెట్టండి, నాకు అసలు భయం వేసింది ఎఫ్‌డీ దగ్గర. 2,10,000 లో 2 లక్షలు తీసేస్తే 10,000. మీ ఇంటికి ఈఎంఐలతో కలిపి నెలకి 1,39,500 కావాలి, ఆరు నెలల ఎమర్జెన్సీ ఫండ్ అంటే 8,37,000, మూడు నెలలే అనుకున్నా 4,18,500. ఇప్పుడున్న 2,10,000 నెలన్నరకే వస్తుంది. అది కూడా టూరుకి పెట్టేసి, పైన కొత్త అప్పు పెట్టుకుని, పదివేలతో నలుగురు ఫ్లైట్ దిగుతారు. ఆ వారంలోనే నాన్నగారిని హాస్పిటల్లో చేర్చాల్సొస్తే? కంపెనీలో లేఆఫ్స్ మొదలైతే? అప్పుడు చేసే అప్పు 14 శాతానికి కూడా దొరకదు, క్రెడిట్ కార్డు మీద 40 శాతం దగ్గర పడుతుంది. ఎమర్జెన్సీ ఫండ్ లేకుండా తీసుకున్న మొదటి అప్పు ఎప్పుడూ ఒంటరిగా ఉండదు, దాని వెనకాలే రెండోది వస్తుంది, నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది కథ ఇదే.

పైగా మీరు ఎంచుకున్నది ప్యాకేజీ టూర్ కాదు. ప్యాకేజీలో అయితే ఖర్చు చాలావరకు ముందే తెలిసిపోతుంది, సొంతంగా కారు తీసుకుని తిరిగితే బిల్లులు ఇంటికొచ్చాక కూడా వస్తూనే ఉంటాయి, దీన్ని చాలామంది లెక్కలోకే తీసుకోరు. కోపెన్‌హాగెన్ నుంచి స్వీడన్ లోని మాల్మో వెళ్లే ఓరెసుండ్ వంతెన టోల్ ఒకవైపుకే మన డబ్బుల్లో 5,000 దాటుతుంది. తిరుగు దారిలో గ్రేట్ బెల్ట్ వంతెన, అదీ టోలే. స్వీడన్ లోని గోథెన్‌బర్గ్ లో, ఓస్లో లో టోల్ బూత్ ఉండదు, కెమెరా నంబర్ ప్లేట్ ఫోటో తీసుకుంటుంది, బిల్లు రెంటల్ కంపెనీకి వెళ్తుంది, వాళ్లు కొన్ని వారాల తర్వాత తమ చార్జీ కూడా కలిపి మీ కార్డు మీద వేస్తారు. నార్వే లో ఊరు దాటితే చాలా రోడ్లకి స్పీడ్ లిమిట్ గంటకి 80 కిలోమీటర్లే, మన ఔటర్ రింగ్ రోడ్డు అలవాటులో వెళ్తే ఫైన్ వేల క్రోనర్లలో ఉంటుంది. అదీ ఇంటికొచ్చాకే తెలుస్తుంది.

ఇంకో పెద్దది, కారు డిపాజిట్. రెంటల్ వాళ్లు కారు ఇచ్చే ముందు మెయిన్ డ్రైవర్ పేరు మీదున్న క్రెడిట్ కార్డు మీద కొంత మొత్తం బ్లాక్ చేస్తారు, డెబిట్ కార్డు, ఫారెక్స్ కార్డు చాలాచోట్ల ఒప్పుకోరు. ఫ్లైట్లు, హోటళ్లు, ఫెర్రీ అన్నీ అదే కార్డు మీద బుక్ చేసి లిమిట్ నింపేసుకుని ఎయిర్‌పోర్ట్ కౌంటర్ దగ్గర నిలబడితే కారు తాళం ఇవ్వరు, ఎంత అడ్వాన్స్ కట్టినా సరే. తర్వాత కారుకి గీత పడినా, అద్దం పగిలినా ఇన్సూరెన్స్ లో ఎక్సెస్ అని ఒకటుంటుంది, అంతవరకు మీ జేబులోంచే కట్టాలి, తక్కువ రేటు బుకింగుల్లో అది లక్ష రూపాయలు దాటడం మామూలే. వీసా కోసం తీసుకునే ట్రావెల్ ఇన్సూరెన్స్ (షెంగెన్ అంటే ఈ యూరప్ దేశాల ఉమ్మడి వీసా, దానికి కనీసం 30,000 యూరోల మెడికల్ కవర్ ఉండాలి) ఉంది కదా అంటారేమో, అది మీ ఒంటికి, కారుకి కాదు. జీరో ఎక్సెస్ కవర్ కి రోజువారీ చార్జీ వేరేగా ఉంటుంది, మీ 9 లక్షల్లో ఆ లైన్ ఉందో లేదో చూసుకోండి.

ఫెర్రీ సంగతి కూడా ఇంతే. క్రిస్టియాన్‌సాండ్ నుంచి హిర్ట్స్‌హాల్స్ కి పెద్ద షిప్పులో మూడుంపావు గంటలు, చిన్న ప్రయాణమే, ఓస్లో నుంచి అక్కడికి రోడ్డు మీద 320 కిలోమీటర్ల పైనే. మీరు తీసుకునేది రీఫండ్ లేని టికెట్ అయితే జాగ్రత్త. చెకిన్ షిప్పు బయల్దేరే టైముకి చాలా ముందే మూసేస్తారు, దారిలో పిల్లాడికి వాంతులై గంట లేటయితే ఆ టికెట్ పోయినట్టే, కొత్త టికెట్ ఆరోజు రేటుకి. స్కాగెరాక్ సముద్రంలో గాలి ఎక్కువైతే సర్వీసే క్యాన్సిల్ అవ్వచ్చు, అప్పుడు టికెట్ డబ్బులు వెనక్కొచ్చినా ఆ రాత్రి నార్వేలో హోటల్ ఖర్చు మీదే. కారుని బోర్డర్ దాటించడానికి, షిప్పు ఎక్కించడానికి రెంటల్ అగ్రిమెంట్‌లో పర్మిషన్ ఉందో లేదో కూడా చదువుకోండి, లేకపోతే కవర్ పనిచెయ్యదనే క్లాజు ఉండొచ్చు. వీటిలో ఏ ఒక్కటి జరిగినా మీ పదివేలు గంటలో అయిపోతాయి.

వీసా దగ్గర కూడా ఈ లోన్ మీకు అడ్డమే. మూడు నెలల స్టేట్‌మెంట్ పెడతారు, నెలనెలా జీతం మాత్రమే పడే అకౌంట్‌లో ఒకేసారి 7 లక్షలు పడితే ఆఫీసర్ అడగకుండా ఉంటాడా. రిజెక్ట్ అయితే ఫీజు (పెద్దవాళ్లకి 90 యూరోలు, మీ పిల్లల వయసుకి 45) వెనక్కి రాదు, రీఫండ్ లేని బుకింగులూ రావు, లోన్ మాత్రం 36 నెలలు ఉంటుంది. టూరే లేని టూర్ ఈఎంఐ అన్నమాట.

బోనస్ తో తీర్చేస్తా అన్నారు. ఫిక్స్‌డ్ రేటు పర్సనల్ లోన్‌కి ముందే కడితే చార్జీలు ఉంటాయి చాలాచోట్ల, కొన్నిటికి మొదటి ఏడాది ఆ అవకాశమే ఉండదు. అసలు ఇంకా రాని బోనస్ ని నమ్ముకుని అప్పు చేయడం నాకు అర్థం కాదు. గోల్డ్ లోన్, హోమ్ లోన్ టాప్-అప్, మ్యూచువల్ ఫండ్స్ మీద లోన్, ఎల్ఐసీ మీద లోన్ గురించి అడగబోతున్నారని తెలుసు, వడ్డీ తక్కువే, కానీ అన్నిటికీ జవాబు ఒకటే, టూరుకి వద్దు.

మరి ఏం చేయాలి? ఈ మే వదిలేయండి. ఎఫ్‌డీ కదపొద్దు. సిప్ ఆపొద్దు. సిప్ పోను మిగిలే 12,500 ప్రతి నెలా ఒక లిక్విడ్ ఫండ్‌లోనో (అవసరమైతే త్వరగా వెనక్కి తీసుకోగలిగే మ్యూచువల్ ఫండ్) ఇంకో ఎఫ్‌డీలోనో వేయండి, ఏడాదికి లక్షన్నర, వచ్చిన బోనస్ ని కూడా అందులోనే పోస్తే మూడు నెలల ఫండ్ పూర్తవుతుంది లేదా దగ్గరికొస్తుంది. అది నిండాకే టూరుకి వేరే అకౌంట్ మొదలుపెట్టండి, రెండూ ఒకే అకౌంట్లో ఉంటే ఏది ఏదో మర్చిపోతారు. ఈలోపు ప్లాన్ తగ్గించండి, 14 రోజులు 9 చేసుకుని స్వీడన్, డెన్మార్క్ తో సరిపెట్టుకోవచ్చు, నార్వే లో హోటలూ తిండీ మూడింటిలోకి ఖరీదు. మే ఆఖరు, జూన్ మొదటి వారం ఎంచుకున్నది మాత్రం బాగుంది, మన పిల్లల సెలవులు ఉంటాయి, వాళ్ల స్కూళ్లకి సెలవులు ఇంకా మొదలవ్వవు కాబట్టి ఫెర్రీ, హోటల్ రేట్లు జూలై అంత ఉండవు.

ఈ నెలలోనే చేయాల్సింది ఒకటుంది. మీ ఉత్తరంలో హెల్త్ పాలసీ మాటే లేదు, అంటే కంపెనీ ఇచ్చిందే ఉందనుకుంటున్నా, ఉద్యోగం పోతే అదీ పోతుంది. మీ నలుగురికి సొంత పాలసీ, నాన్నగారికి విడిగా ఇంకోటి తీసుకోండి. ఆయనకి షుగర్ ఉంది కాబట్టి వెయిటింగ్ పీరియడ్ (ఆ జబ్బుకి క్లెయిమ్ ఇవ్వని కాలం) పెడతారు, గరిష్ఠంగా 3 ఏళ్లు, ఎంత లేటుగా తీసుకుంటే ఆ లెక్క అంత లేటుగా మొదలవుతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఇండివిడ్యువల్ హెల్త్ పాలసీల మీద జీఎస్టీ కూడా తీసేశారు. ప్రపోజల్ ఫారంలో షుగర్ సంగతి దాచొద్దు, ప్రీమియం పెరిగినా సరే, ఆయన వాడే మందుల చీటీలు జతచేసి పంపండి.