తలనొప్పికి వెళితే ఇంట్లోవాళ్ళ సంగతెందుకు?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మూడు నెలలుగా తలనొప్పి, రాత్రి నిద్ర లేదు. మావారు సూరత్‌లో పనిచేస్తారు. పక్షవాతంతో మంచాన పడ్డ అత్తగారిని నేనే చూసుకుంటున్నాను. బరంపురంలో డాక్టరు గారు బీపీ చూసి, ఇంట్లో ఎవరెవరున్నారని అడుగుతూ కాగితం మీద చదరాలు, సున్నాలు గీశారు. తలనొప్పికి ఇదంతా ఎందుకండీ? మా ఇంటి గుట్టు చీటీలోకి ఎక్కుతుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఆయన గీసింది కుటుంబ పటం అమ్మా. మగవారికి చదరం, ఆడవారికి సున్నా, పోయినవారి గుర్తు మీద ఇంటూ. ఒకరికొకరు పొసగనివారి మధ్య వంకీల గీత. మూడు తరాలు వేస్తే బీపీ, షుగరు ఎవరి నుంచి వస్తున్నాయో తెలుస్తుంది. ఒకే ఇంట్లో ఉండేవారి చుట్టూ చుక్కల గీత చుడతారు. మీ పటంలో ఆ గీత లోపల మంచంలో ఉన్న అత్తగారు, మీరు. మీవారి చదరం బయట. చాకిరీ ఎవరి మీద పడిందో చెప్పనక్కర్లేదు. పుండ్లు పడకుండా ఆవిడను రాత్రిపూట రెండు గంటలకోసారి పక్కకు తిప్పుతుంటే మీకిక నిద్రెక్కడిది?

కుటుంబ వైద్యుల ప్రపంచ సంఘం వోంకా 1987లో ఐసీపీసీ అనే వర్గీకరణ తెచ్చింది, రోగి చెప్పే ఒక్కో సమస్యకు ఒక్కో గుర్తు అంకె ఇచ్చే పద్ధతి అది. అందులో 17 అధ్యాయాలు. ఇంటి, సామాజిక సమస్యలకు విడిగా జెడ్ అధ్యాయం ఉంది. రెండో కూర్పు ప్రకారం మీ తలనొప్పి ఎన్01, నిద్ర పట్టకపోవడం పీ06, ఇంట్లో పెద్దల జబ్బుతో వచ్చిన ఇబ్బంది జెడ్22. డబ్బు ఇబ్బందికి జెడ్01, భార్యాభర్తల తగవుకు జెడ్12. మీ చీటీ మీద ఈ అంకెలు కనిపించకపోవచ్చు. దేనికదే విడిగా రాసుకోవడమే ఇందులో కీలకం. తలనొప్పి ఒక్కటే రాస్తే మాత్రలతో సరిపెడతారు. మామూలు నొప్పి మాత్రలైనా నెలలో 15 రోజులు, అంతకు మించి, మూడు నెలలకు పైగా వాడితే వాటివల్లే తలనొప్పి రావచ్చు. అంతా ఇంటి బెంగే అని కొట్టిపారేసినా ప్రమాదమే. ఉన్నట్టుండి భరించలేని నొప్పి, చూపు మసకబారడం, కాలో చెయ్యో చచ్చుబడడం, జ్వరంతో మెడ బిగుసుకుపోవడం ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

గుట్టు సంగతికొస్తే, ఆ వర్గీకరణలోనే గట్టి నియమం ఉంది: ఇంటి విషయాన్ని సమస్యగా రాయాలంటే అది సమస్యేనని మీరు ఒప్పుకోవాలి, సాయం కావాలని మీరే కోరాలి. ‘ఇది చీటీలో రాయొద్దండీ’ అని నిస్సంకోచంగా చెప్పండి. మన ఆంధ్ర-ఒడిశా సరిహద్దు ఊళ్ళలో ఇంకో చిక్కుంది. డాక్టరుకు ఒడియా, మనకు తెలుగు, మధ్యలో మాట చెప్పేది ఆడపడుచో మరిదో. అప్పుడు అసలు మాట నోట్లోనే ఉండిపోతుంది. రెండు భాషలూ వచ్చిన నర్సును అడగండి, ఐదు నిమిషాలు ఒంటరిగా మాట్లాడాలని చెప్పండి. ఇంట్లో కొట్టడం, బెదిరించడం ఉంటే మహిళల సహాయ నంబరు 181కి ఫోన్ చేయండి.

ఈసారి వెళ్ళేలోగా రెండు వారాలు నోటుబుక్కులో రాయండి: నొప్పి ఎప్పుడు మొదలైంది, ఎన్ని గంటలు పడుకున్నారు, రాత్రి ఎన్నిసార్లు లేచారు, ఎన్ని మాత్రలు వేసుకున్నారు. పగలు రెండు గంటలు అత్తగారి దగ్గర కూర్చోగలిగేవారి పేరు కూడా, ఒక్కరున్నా సరే, అందులోనే రాసి పట్టుకెళ్ళండి.