నాన్నగారి షూస్ మీద ముడతలు: ఇస్త్రీ చేయొచ్చా?

ప్రశ్న: నాన్నగారు రిటైరయ్యాక ఆయన బ్రౌన్ లెదర్ షూస్ నాకిచ్చారు. సైజు సరిపోయింది కానీ వేళ్ల దగ్గర వంగే చోట బాగా ముడతలున్నాయి. వచ్చే నెల అక్క పెళ్లికి ఇవే వేసుకోవాలని నా కోరిక. కొబ్బరినూనె రాసి ఎండలో పెట్టమని ఒకరు, ఇస్త్రీ చేయమని ఇంకొకరు చెబుతున్నారు. ఏం చేయను?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ముందు ఆ కొబ్బరినూనె సీసా లోపల పెట్టేయండి. బ్రౌన్ తోలు మీద నూనె మచ్చ పడితే పోవడం చాలా కష్టం, జిడ్డుకి దుమ్ము కూడా పడుతుంది. ఎండ ఇంకా చెడ్డది. తోలులో మిగిలిన కాస్త తేమా ఆరిపోయి, ముడత ఉన్నచోటే పగులుతుంది. ముడతను తగ్గించుకోవచ్చు గానీ పగులును మళ్లీ అతికించలేం. అందుకే ముడతను వేలితో కాస్త సాగదీసి చూడండి, పైపొర చీలి లోపలి రంగు కనిపిస్తోందంటే ఇంట్లో ఏమీ చేయకుండా షూస్ బాగుచేసే అతనికి చూపించండి.

ఇస్త్రీ పనిచేస్తుంది, కాకపోతే అసలు తోలయితేనే. రెక్సిన్ అయితే పైనున్న ప్లాస్టిక్ పొర కరిగిపోతుంది. లేసుల కింద నాలుకలా ఉంటుంది చూడండి, దాని అంచు తిప్పి చూస్తే తోలు పీచుపీచుగా ఉంటుంది, రెక్సిన్‌కి కింద బట్ట, పైన పలచని పొర విడిగా కనిపిస్తాయి. అద్దంలా మెరిసే పేటెంట్ లెదర్‌కీ, నూగు నూగుగా ఉండే స్వెడ్‌కీ కూడా ఇస్త్రీ పెట్టె తగలనివ్వకండి.

మీవి తోలువే అయితే లేసులు తీసి, దుమ్ము తుడిచి, ముందు భాగంలో కాగితాలు ఉండలు చేసి గట్టిగా కూరండి, ముడత పైకి పొంగి సాపు అవ్వాలి. పాత పంచె ముక్క తడిపి నీళ్లు కారకుండా పిండి, ముడత మీద పరవండి. ఇస్త్రీ పెట్టెను సిల్క్ గుర్తు దగ్గర పెట్టి, ఐదారు సెకన్లు ఆనించి తీసేయండి. గుడ్డ ఎత్తి చూడండి, అవసరమైతే మళ్లీ. ఒకేచోట నొక్కిపెట్టి ఉంచొద్దు, ఎందుకంటే తోలంటే చర్మమే కదా, కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగుల అల్లిక. తేమా వేడీ తగిలితే ఆ పోగులు కాస్త వదులై, చల్లారేటప్పుడు లోపల ఏ ఆకారం ఉంటే అలా కుదురుకుంటాయి, కానీ వేడి శ్రుతి మించితే మాత్రం అవే పోగులు ముడుచుకుపోయి తోలు అట్టలా బిగుసుకుపోతుంది, ఇక ఎవరూ బాగుచేయలేరు. భయంగా ఉంటే మొదట మడమ పక్కన, ఎవరికీ కనిపించని చోట చేసి చూడండి.

కాగితాలు అప్పుడే తీయకండి. రాత్రంతా నీడలో వదిలేసి, పొద్దున లెదర్ కండిషనర్ (తోలును మెత్తగా ఉంచే పూత) పలచగా రాసి, అది ఇంకాక పాలిష్ చేయండి. ముడతలు పూర్తిగా మాయమవుతాయని మాత్రం నేను చెప్పను. గీతలు లీలగా ఉంటాయి. నాన్నగారు ఏళ్ల తరబడి నడిచిన షూస్ మీద అవి ఉండటం నాకైతే లోపంగా అనిపించదు. పెళ్లికి రెండు వారాల ముందే చేసేయండి, చివరి రోజు టెన్షన్‌లో ఇస్త్రీ పెట్టె పట్టుకోవద్దు.

ప్రశ్న: కొత్త లెదర్ షూస్, నెల తిరక్కుండానే ముడతలు పడ్డాయి. తోలు నాసిరకమా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: అలా అనుకోనక్కర్లేదు, పాదం వంగే చోట ఏ తోలైనా ముడత పడుతుంది. మరీ లోతుగా పడుతుంటే సైజు పెద్దదేమో చూడండి, వేళ్ల పైన ఖాళీ ఉంటే తోలు ఆ ఖాళీలోకి మడత పడుతుంది. ఇంకొకటి, రోజూ అవే వేసుకోకండి. చెమట తడి ఆరడానికి ఒక రోజైనా విశ్రాంతి ఇచ్చి, విప్పగానే లోపల చెక్క షూ ట్రీ (షూ ఆకారం చెడకుండా లోపల పెట్టే పాదం లాంటి అచ్చు) గానీ, కాగితాలు గానీ పెట్టండి. లోపలి లైనింగ్ లేత రంగైతే న్యూస్‌పేపర్ బదులు తెల్ల కాగితం వాడండి, సిరా అంటుకుంటుంది.