ఇల్లు కదల్లేదు, కౌంటీ మారింది

ప్రశ్న: మా అల్లుడి వాళ్ళది అమెరికాలో నార్త్ కరోలైనా కొండల్లోని ఏవరీ కౌంటీ. తరతరాలుగా అదే లోయలో ఉన్నామంటారు. మనవరాలి కోసం ఆ వైపు వంశవృక్షం కూడా రాద్దామని కూర్చున్నాను. కౌంటీ రికార్డుల్లో 1911కి ముందరి కాగితం ఒక్కటీ దొరకలేదు. తగలబడిపోయాయా?
– ఒక పాఠకురాలు, షార్లెట్

జవాబు: తగలబడలేదండీ, పొరుగు కౌంటీల్లో ఉన్నాయి. ఏవరీ పుట్టిందే 1911లో. మిచెల్, వటాగా, కాల్డ్‌వెల్ కౌంటీల నుంచి తలా కాస్త భూమి తీసి ఏర్పాటు చేశారు. మిచెల్ 1861 నాటిది, వటాగా 1849 నాటిది. అంతకు ముందు, భూమి ఏ వైపు ఉందన్నదాన్ని బట్టి, యాన్సీ (1833) కావచ్చు, బర్క్ (1777) కావచ్చు. దస్తావేజు ఏనాడు రిజిస్టరైతే ఆనాటి కౌంటీలోనే ఉండిపోతుంది. కాబట్టి ఇంటిపేరు పట్టుకుని తిరగడం ఆపి, ముందు వాళ్ళ భూమి ఏ వాగు పక్కనో తేల్చుకోండి.

దానికి జనాభా లెక్కలు పనికొస్తాయి. వంశవృక్షాల వెబ్‌సైట్ ఫ్యామిలీసెర్చ్‌లో ఉచితంగా చూడొచ్చు. 72 ఏళ్ళు నిండితేగాని బయటపెట్టరు కనుక 1950వే అన్నిటికన్నా కొత్తవి. అక్కణ్ణుంచి వెనక్కి రండి. ప్రతిసారీ కౌంటీలో చిన్న భాగమైన టౌన్‌షిప్ పేరు, పైనా కిందా అయిదారు ఇళ్ళవాళ్ళ పేర్లు రాసుకోండి. ఒకే పేరున్నవాళ్ళు నలుగురు తగిలితే మీ మనిషెవరో తేల్చేది ఆ ఇరుగుపొరుగే. 1890 లెక్కలు దాదాపు లేనట్టే. 1921లో వాషింగ్టన్ అగ్నిప్రమాదంలో పాడైపోయాయి. దాంతో 1880కీ 1900కీ మధ్య పుట్టిన పిల్ల పుట్టింట్లో కనపడకుండానే పెళ్ళై, ఇంటిపేరు మారి వెళ్ళిపోయి ఉండొచ్చు. 1868 తర్వాతి వివాహ రిజిస్టర్లలో తల్లిదండ్రుల పేర్లు కూడా రాసేవారు, అక్కడ పట్టుకోండి. 1850కి ముందైతే ఇంటి యజమాని పేరొక్కటే. మిగతావాళ్ళంతా వయసులవారీగా అంకెలు.

ఆ కాలానికి దస్తావేజులే దిక్కు. అమ్మినవాళ్ళ సూచీ, కొన్నవాళ్ళ సూచీ వేరువేరుగా ఉంటాయి, రెండూ తిరగెయ్యాలి. తండ్రి వీలునామా రాయకుండా పోతే, వారసులంతా కలిసి తోబుట్టువుల్లో ఒకరికి భూమి రాసిచ్చిన దస్తావేజు కోసం చూడండి. కూతుళ్ళు, అల్లుళ్ళతో సహా అందరి పేర్లూ అందులో ఉంటాయి. చిక్కేమిటంటే, సూచీలో మొదటి పేరొక్కటే రాసి పక్కన ‘తదితరులు’ అని వదిలేస్తారు. మీ ఇంటిపేరుతో కనపడలేదంటే పెద్దల్లుడి ఇంటిపేరు కింద ఉందేమో చూడండి. హద్దులు చెట్లతో, వాగులతో, పోల్ లెక్కన చెప్తారు. ఒక పోల్ 16.5 అడుగులు. హద్దు అని రాసిన చెస్ట్‌నట్ చెట్టు కోసం మాత్రం కొండెక్కకండి, తెగులు సోకి ఆ మహావృక్షాలు గత శతాబ్దంలోనే పోయాయి. పొరుగు హద్దుదారు పేరే మీకు పనికొచ్చేది.

కాగితాలు పోయాయేమోనన్న మీ అనుమానం బర్క్ విషయంలో మాత్రం నిజమే. 1865లో అంతర్యుద్ధం చివర్లో ఉత్తరాది (యూనియన్) సైన్యం వచ్చినప్పుడు అక్కడి కోర్టు కాగితాలు చాలావరకు నాశనమయ్యాయి. అయితే తొలి భూమి గ్రాంట్లు ఇచ్చింది రాష్ట్రం కనుక వాటి రికార్డు రాలీలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉంది.

ప్రశ్న: మా ఆవిడ ముత్తవ్వ 1904లో మిచెల్ కౌంటీలో పుట్టారు. జనన ధ్రువపత్రం లేదంటున్నారు.

జవాబు: ఆ రాష్ట్రమంతటా జనన, మరణాల నమోదు మొదలైంది 1913లో. అయినా ఆశ వదులుకోకండి. 1935లో సోషల్ సెక్యూరిటీ చట్టం వచ్చాక వయసుకు రుజువు కావలసి, చాలామంది పెద్దయ్యాక నమోదు చేయించుకున్నారు. కౌంటీలో దస్తావేజులు నమోదు చేసే ‘రిజిస్టర్ ఆఫ్ డీడ్స్’ ఆఫీసులో ‘డిలేడ్ బర్త్స్’ సూచీ అడగండి, పుట్టింటి పేరుతో వెతకండి. కుటుంబ బైబిల్లో రాసుకున్న తేదీలో, బంధువుల ప్రమాణపత్రాలో, ఏది చూపించి నమోదు చేయించుకున్నారో అందులోనే ఉంటుంది; పత్రం కన్నా ఆ వివరమే విలువైనది. పుట్టిన ఏడాదిని 1910 లెక్కల్లోని వయసుతో సరిచూసుకోండి. మరణ ధ్రువపత్రంలోని తల్లిదండ్రుల పేర్లను నమ్మేముందు అవి చెప్పిందెవరో చూడండి. భర్త చెబితే ఒక మాట, పొరుగాయన చెబితే మరో మాట.

ప్రశ్న: చర్చిలో పసిపిల్లల బాప్తిస్మం రికార్డులు దొరకవా?

జవాబు: కుటుంబం బాప్టిస్టులదైతే దొరకవు. వాళ్ళు పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. సంఘం మినిట్స్ పుస్తకాలు చూడండి: ఎవరు చేరారు, ఎవరిని వెలివేశారు, ఎవరు ఉత్తరం తీసుకుని వేరే సంఘానికి వెళ్ళారు అన్నవి ఉంటాయి. ఉత్తరం తీసుకున్న తేదీని బట్టి కుటుంబం ఎప్పుడు కదిలిందో తెలుస్తుంది. రాష్ట్రంలోని చాలా బాప్టిస్టు సంఘాల రికార్డులు వేక్ ఫారెస్ట్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉన్నాయి. అక్కడ లేకపోతే ఆ సంఘం గుమాస్తానే అడగాలి.