సైలెన్సర్‌కు తీగ కడితే చాలా?

ప్రశ్న: మాది పాత మారుతి 800. గుంతలో పడితే కింద ఠక్‌ఠక్‌మంటోంది. సైలెన్సర్‌ను బండి కింద వేలాడదీసే రబ్బరు ఒకటి తెగితే ఇనుప తీగ కట్టించాం. అలాగే నడపొచ్చా?
- ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: షాపు దాకా నడపండి, అంతే. ఇంజిన్ ఊగినప్పుడల్లా పైపూ ఊగుతుంది. ఆ అదురును రబ్బరు మింగుతుంది, తీగ మింగదు. దెబ్బంతా అతుకుల మీద పడి పైపు పగులుతుంది. అప్పుడయ్యే ఖర్చుతో పోలిస్తే రబ్బర్ల ధర లెక్కలోకే రాదు.

ఒకటి తెగిందంటే మిగతావీ అదే వయసువి, అన్నీ మార్చేయండి. వంచి చూస్తే నెర్రెలు కనిపించినా, రంధ్రం కోలగా సాగినా పనికిరానట్టే. కొత్తదాన్ని పాతదాని పక్కన పెట్టి రంధ్రాల మధ్య దూరం సరిచూసుకొని కొనండి.

పైపు పూర్తిగా చల్లారాకే పని మొదలుపెట్టాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరొద్దు, స్టాండ్లు తప్పనిసరి. సైలెన్సర్ కింద చెక్క దిమ్మె ఆనించి, ఒక రబ్బరు తీసి కొత్తది ఎక్కించాకే రెండోదాని జోలికి వెళ్లండి. కొక్కేనికి సబ్బునీళ్లు రాస్తే సులువుగా జారుతుంది. ఇంజిన్ ఆయిల్, గ్రీజు మాత్రం వద్దు, రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది.

కొక్కెం, బ్రాకెట్ల తుప్పును వైరు బ్రష్‌తో గీకి చూడండి. రేకు పలచబడితే కొత్త రబ్బరు వేసినా నిలవదు. వెల్డింగ్ చేయించేటట్టయితే ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీయించండి. పెట్రోలు ట్యాంకు పక్కన నిప్పు రవ్వలు అసలే వద్దు. అక్కడ బ్రాకెట్‌ను విప్పి బయట అతికించాలి, లేదా బోల్టుతో బిగించేది వేయించాలి.

చివరగా పైపును చేత్తో ఊపండి, ఎక్కడా బాడీకి తగలకూడదు. కొత్త రబ్బర్లూ కొన్ని నెలలకే తెగితే ఇంజిన్ మౌంట్లు (ఇంజిన్‌ను బాడీకి పట్టి ఉంచే రబ్బరు దిమ్మెలు) చూపించండి.