ఫిల్లర్ మచ్చలు మిగిల్చింది: ‘మీ చర్మమే అంత’ అంటే చెల్లుతుందా?

ప్రశ్న: నా వయసు 38. ముదురు చామనఛాయ. ముక్కు పక్కల నుంచి పెదవుల చివరిదాకా దిగే గీతలు తగ్గుతాయంటే ఒక క్లినిక్‌లో హైలురానిక్ యాసిడ్ ఫిల్లర్ (చర్మం కింద సూదితో ఎక్కించే జెల్) వేయించుకున్నాను. ఏడు నెలలైంది. సూది దిగిన చోటల్లా నల్లమచ్చలు మిగిలాయి. ఒకచోట చర్మం గడ్డకట్టి పైకి లేచింది. చిన్నప్పుడు చెవి కుట్టించిన చోట కూడా నాకు కీలాయిడ్ (గాయాన్ని మించి పెరిగే గట్టి మచ్చ) వచ్చింది. అడిగితే ‘మీ చర్మం తీరే అంత, కాగితం మీద సంతకం పెట్టారు కదా’ అంటున్నారు. ముందు చూపించిన ఫొటోలన్నీ తెల్లని ముఖాలవే. నేను చేయగలిగింది ఏమైనా ఉందా?

జవాబు: ఉంది. పైగా క్లినిక్ వారు తప్పించుకోవడానికి అన్న మాటే మీకు అక్కరకొస్తుంది. మీ చర్మం తీరు అంతేనని వారికి తెలిసి ఉంటే, ఆ సంగతి సూది పట్టుకోకముందు చెప్పాలి. తెలియకపోతే, ఎందుకు తెలుసుకోలేదో చెప్పాలి.

ముదురు రంగు చర్మంలో చిన్న గాయం మానినా, చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఎక్కువగా చేరి మచ్చ మిగలవచ్చన్నది చర్మవైద్యంలో పాత సంగతి. ఎండకు చర్మం ఎలా స్పందిస్తుందో చూసి దాన్ని రకాలుగా విడదీసే ఫిట్జ్‌పాట్రిక్ పద్ధతి 1975లోనే మొదలైంది, ముదురు రంగులను తర్వాత చేర్చడంతో ఇప్పుడు అందులో ఆరు రకాలున్నాయి. మీ రికార్డులో ఆ రకం రాశారో లేదో చూడండి. కీలాయిడ్ విషయం ఇంకా సూటిగా ఉంది. అమెరికాలో అనుమతి పొందిన జువెడెర్మ్, రెస్టిలేన్ వంటి ఫిల్లర్ల సూచనపత్రాల్లో, కీలాయిడ్ స్వభావం ఉన్నవారిలో, చర్మపు రంగు మారే సమస్యలున్నవారిలో తమ మందు ఎంత సురక్షితమో పరిశీలించలేదని తయారీదారులే రాశారు. గర్భిణుల గురించి, పాలిచ్చే తల్లుల గురించి కూడా అదే మాట ఉంది. మీకు ఎక్కించిన మందు ఏదో తెలుసుకుని దాని సూచనపత్రం సంపాదించండి. అందులో ఇలాంటి వాక్యం ఉంటే, నేను పది పేజీలు వాదించినా రాని బలం దానికి ఉంటుంది.

ఇక సంతకం. 2008లో సమీరా కోహ్లీ కేసులో మన సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చింది. చికిత్స స్వభావం, ప్రయోజనం, ప్రత్యామ్నాయాలు, గణనీయమైన ప్రమాదాలు, చేయించుకోకపోతే ఏమవుతుంది అన్నవి తగినంతగా చెప్పాకే అంగీకారానికి విలువ. అచ్చువేసిన ఫారం చివర గీసిన సంతకం, ఆ సంభాషణ జరిగిందనడానికి ఒక ఆధారం మాత్రమే. అయితే అదే తీర్పు, ఎక్కడో అరుదుగా ఎదురయ్యే ప్రమాదాలన్నీ వైద్యుడు ఏకరువు పెట్టనక్కర్లేదని కూడా అంది. క్లినిక్ తరఫు వకీలు పట్టుకునేది ఆ వాక్యాన్నే. అతని స్థానంలో ఉంటే నేనూ అదే పట్టుకుంటాను.

దానికి సమాధానం ఒక ప్రశ్న: అరుదు ఎవరికి? 1992లో ఆస్ట్రేలియా హైకోర్టు ముందుకు వచ్చిన రోజర్స్ వర్సెస్ విటేకర్ కేసు చూడండి. ఒక కన్ను దాదాపు చూపు లేని స్త్రీకి ఆ కంటికే శస్త్రచికిత్స చేశారు. రెండో కన్ను దెబ్బతినే ప్రమాదం సుమారు 14,000 మందిలో ఒకరికి. అయినా, ఉన్న ఒక్క కన్ను గురించి అంతగా కలవరపడిన ఆ రోగికి అది చెప్పి తీరవలసిన ప్రమాదమేనని కోర్టు అంది. 2015లో బ్రిటన్ సుప్రీంకోర్టు మాంట్‌గోమరీ కేసులో ఇదే దారిన నడిచింది: ఎదుట కూర్చున్న ఆ ఒక్క మనిషికి ఏది ముఖ్యమో వైద్యుడు చూడాలి. విదేశీ తీర్పులు మన కోర్టులను కట్టిపడేయవు, నిజమే. పైగా వైద్యుడు ఎంత చెప్పాలన్న కొలత విషయంలో మన కోర్టు అంత దూరం వెళ్లలేదు. కానీ చెవి మీద కీలాయిడ్ ఉన్న మనిషికి ముఖం మీద కీలాయిడ్ రావడం అరుదైన ప్రమాదమని వాదించడానికి చాలా ధైర్యం కావాలి.

మీ కేసులో బలహీనత ఎక్కడుందో కూడా చెప్పాలి. పాత మచ్చల గురించి ఫారంలో అడిగారా? అడిగితే మీరేం రాశారు? ‘లేవు’ అని టిక్కు పెట్టి ఉంటే వాదన సగం నీరుగారుతుంది. అడగనే లేదంటే తప్పు వారి వైపు మొగ్గుతుంది. ఇంకొకటి, నల్లమచ్చలు నెలల తరబడి నెమ్మదిగా వెలిసిపోవచ్చు. పరిహారం నష్టాన్ని బట్టే ఉంటుంది కనుక ఇప్పుడే, ఒకే వెలుతురులో తేదీతో ఫొటోలు తీయించుకోండి. ఆ క్లినిక్‌తో సంబంధం లేని చర్మవైద్యుడి చేత లిఖితపూర్వక అభిప్రాయం తీసుకోండి. హైలురోనిడేజ్ ఎంజైముతో ఫిల్లర్‌ను కరిగిస్తామని ఎవరైనా అంటే, ఈ నమోదు అయ్యాకే ఆ ఆలోచన.

రికార్డుల కోసం రాతపూర్వకంగా అడిగి, ఆ ఉత్తరం అందినట్టు రసీదు ఉంచుకోండి. 2002 వైద్య నైతిక నియమావళి ప్రకారం అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. మందు పేరు, బ్యాచ్ నంబరు, ఎంత ఎక్కించారు, ఎవరు ఎక్కించారు అన్నవి అందులో ఉండాలి. సూది వేసింది అర్హత లేని వ్యక్తి అని తేలితే, మీ చర్మం గురించిన ఈ వాదనంతా రెండో వరుసలోకి వెళ్లి, కేసు మరింత గట్టిపడుతుంది.

దావాకు చోటు వినియోగదారుల కమిషన్. రుసుము తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల రక్షణ చట్టం కిందికి వస్తుందని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. 2019 చట్టం ప్రకారం గడువు రెండేళ్లు, మీకు ఏడు నెలలు అయిపోయాయి. ముందు లీగల్ నోటీసు పంపండి. చాలా తగాదాలు అక్కడే తెగుతాయి. పోలీసు కేసు వద్దు. వైద్యుడి మీద నేరం నిలవాలంటే ఘోరమైన నిర్లక్ష్యం కావాలని 2005లో జేకబ్ మాథ్యూ తీర్పు చెప్పింది. మీ సంగతి అంతదూరం పోదు.

ఇది చదువుతున్న మరెవరైనా నిన్నో మొన్నో ఫిల్లర్ వేయించుకుని ఉంటే ఒక మాట. విపరీతమైన నొప్పి, చర్మం పాలిపోవడం, చూపు మసకబారడం కనిపిస్తే వకీలుకు రాయకండి, వెంటనే వైద్యుడి దగ్గరికి పరుగెత్తండి. రక్తనాళం మూసుకుపోయిందేమో చూడాలి. ముదురు రంగు చర్మం మీద ఆ పాలిపోవడం చప్పున కంటికి ఆనదు, కనుక నొప్పిని, చూపులో మార్పును తేలిగ్గా తీసుకోకండి.