గుంటల కాడ మోటార్లు విప్పే పిల్లోడికి ఓడలో పనుంటుందా?

ఇందుకూరుపేట నుంచి ఒక రొయ్యల రైతు అడిగారు: "మావాడు ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది. ఓడల్లో చేరతానంటాడు. వాళ్ళ మామ కృష్ణపట్నం పోర్టులో పనిచేస్తాడు, ఇంకేముంది అన్నీ మెషీన్లే, ఓడలు కూడా మనుషుల్లేకుండానే పోతాయంటున్నాడు. నెల్లూరులో ఒకాయన మూడున్నర లక్షలిస్తే సీటూ ఉద్యోగమూ గ్యారంటీ అంటున్నాడు. వీడేమో ఖాళీ దొరికితే ఏరియేటర్ మోటార్లు, ప్యానెల్ బోర్డులు విప్పుతుంటాడు. ఏం చేయమంటారు?"

అన్నా, ముందు ఆ మూడున్నర లక్షలు కదిలించకండి. ఓడల రంగాన్ని చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ డీజీ షిప్పింగ్. దాని అనుమతి ఉన్న శిక్షణ సంస్థల జాబితా వాళ్ళ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. అందులో లేని చోట ఇచ్చే సర్టిఫికెట్‌తో ఓడ ఎక్కనివ్వరు.

మామ చెప్పింది సగం నిజం. కేరళలో విళింజం పోర్టుకి వెళ్తే కంట్రోల్ రూమ్‌లో కూర్చుని తెర చూస్తూ యార్డ్ క్రేన్లు నడుపుతున్నారు, వాళ్ళలో అక్కడి మత్స్యకార కుటుంబాల ఆడవాళ్ళూ ఉన్నారు. ఓడ సంగతి వేరు. మనుషుల్లేని ఓడ అనగానే అందరూ చెప్పే నార్వే వాళ్ళ యారా బిర్కెలాండ్ మోసేది 120 కంటైనర్లు, అదీ ఫ్యాక్టరీ నుంచి దగ్గర్లో ఉన్న రేవుకి. వేల కంటైనర్లతో నడిసముద్రంలో ఉన్న ఓడలో పంపు ఆగిపోతే తెర చూసేవాడేం చేస్తాడు, ఎవరో ఒకరు దిగి విప్పాల్సిందే కదా.

మీ రొయ్యల సంగతే చూడండి. మైనస్ 18 డిగ్రీల్లో రీఫర్ కంటైనర్, అంటే ఫ్రిజ్ లాంటి కంటైనర్ ఎక్కుతాయి. ఒకప్పుడు ఎలక్ట్రీషియన్ పుస్తకం పట్టుకుని ఒక్కో కంటైనర్ దగ్గరికీ పోయి టెంపరేచర్ రాసుకునేవాడు. ఇప్పుడు చాలా కంటైనర్లలో మోడెమ్ ఉంటుంది, రీడింగ్ దానంతటదే ఆఫీసుకి వెళ్తుంది. అంటే రాసే పని పోయింది. కానీ అలారం కొట్టినప్పుడు అది సెన్సర్ అబద్ధమా, కంప్రెసర్ నిజంగానే పోయిందా అని తేల్చే పని మాత్రం మిగిలింది, ఇంకా కష్టమైంది కూడా.

ఆ పని చేసేవాణ్ణి ఓడలో ఈటీఓ అంటారు, ఎలక్ట్రో టెక్నికల్ ఆఫీసర్. ఈ హోదాకి ఓడ సిబ్బంది శిక్షణ గురించిన అంతర్జాతీయ నిబంధనల్లో చోటు దొరికింది 2010 మనీలా సవరణలతోనే. మీ గుంట కాడ త్రీ ఫేజ్ అంటే 440 వోల్టులు, చాలా పెద్ద ఓడల్లో 6,600 ఉంటుంది. మీవాడి చెయ్యి అటే పోతోంది కాబట్టి నా ఓటు దీనికే: బీటెక్ ఈఈఈ, ఆ తర్వాత అనుమతి ఉన్న చోట నాలుగు నెలల ఈటీఓ కోర్సు. మొదటి ఓడ దొరకడానికి నెలలు పట్టొచ్చు, ఆ టెన్షన్ ఉంటుంది, దాచను, కానీ ఈఈఈ చేతిలో ఉంటే అప్పటిదాకా రీఫర్ యార్డులోనో కోల్డ్ స్టోరేజీలోనో పని వెతుక్కోవచ్చు. లేదు, ఇంటర్ అవగానే వెళ్తానంటే ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష, ఐఎంయూ సెట్ రాయించండి, మెరైన్ ఇంజనీరింగ్ నాలుగేళ్ళు, మ్యాథ్స్ ఫిజిక్స్ కెమిస్ట్రీలో 60 శాతం రావాలి.

ఏ దారికైనా రంగులు తేడా తెలియాలి. ఫీజులన్నీ కట్టాక మెడికల్‌లో చుక్కల మధ్య అంకె చదవలేక వెనక్కొచ్చిన కుర్రాళ్ళను చూశాను. వచ్చే ఆదివారం లోపు నెల్లూరులో ఏ కంటి డాక్టర్ దగ్గరైనా ఆ చుక్కల పుస్తకం చూపించి రండి, తర్వాత కాలేజీల గురించి మాట్లాడుకుందాం.