బండి సందేహాలు: పలమనేరు చలి, పాత బుల్లెట్టు

(జవాబులు: తిరుపతి కొర్లగుంటలో నలభై ఏళ్లుగా షెడ్డు నడుపుతున్న మెకానిక్)

ప్రశ్న: మేస్త్రీ గారూ, మాది పలమనేరు. మా నాయన పాత బుల్లెట్టును తిరుపతిలో ట్యూనింగ్ చేయించి తెచ్చుకున్నా. అక్కడ ఒక్క కిక్కుకే పలికింది. ఇక్కడ తెల్లవారుజామున పదిహేను కిక్కులు కొట్టినా ఉలకదు, స్టార్టయ్యాక నల్లపొగ. పెట్రోలుకు గాలి కలపడం అంత కష్టమా? మొదట్లో కార్లు చేసినవాళ్లు, ఆ కలిపే పని చేసే కార్బొరేటర్ లేకుండా ఎలా నడిపారు?

జవాబు: తమ్ముడూ, ట్యూనింగ్ చేసినవాణ్ని తిట్టుకోకండి. అతను తిరుపతి ఎండకు సరిపెట్టి ఇచ్చాడు. మీరేమో మొగిలి ఘాటెక్కి ఐదు వందల మీటర్లు పైకి, చలిలోకి తీసుకుపోయారు.

పెట్రోలు నీళ్లలా ఉన్నంతసేపు మండదు, దాని ఆవిరే మండుతుంది. ఆ ఆవిరికీ గాలికీ లెక్క కుదరాలి. ఒక గ్రాము పెట్రోలుకు దాదాపు 14.7 గ్రాముల గాలి కావాలి. ఇంకోలా చెబితే, లీటరు పెట్రోలు పూర్తిగా మండాలంటే మిద్దె మీద పెట్టే వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకులు తొమ్మిది నిండేంత గాలి పట్టాలి. కాబట్టి పని రెండు రకాలు: ఆవిరి చెయ్యడం, కొలత తప్పకుండా కలపడం. ఒకటి కుదిరితే ఇంకోటి చెడేది. పాతకాలం వాళ్ల తిప్పలన్నీ ఇక్కడే.

కార్బొరేటర్ మొదట్నుంచీ ఉంది. 1886లో జర్మనీలో కార్ల్ బెంజ్ చేసిన పెట్రోలు కారులోనూ ఉంది, కాకపోతే అది మన బుల్లెట్టుకున్నట్టు కాదు. ఇంధనం పోసిన డబ్బా పైనుంచి గాలి పోతుంది, పోతూ పోతూ ఆవిరిని వెంటబెట్టుకుపోతుంది, అంతే. దాంట్లో పోసింది లిగ్రాయిన్ అనే పెట్రోలు లాంటి ద్రవం, అప్పట్లో మందుల షాపులో మరకలు పోగొట్టడానికి అమ్మేవారు. 1888 ఆగస్టులో బెంజ్ భార్య బెర్తా ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు నూరు కిలోమీటర్ల పైన నడిపింది. దారిలో విస్లోఖ్ ఊళ్లో మందుల షాపులో లిగ్రాయిన్ కొనింది. పైపు అడ్డం పడితే టోపీకి పెట్టుకునే పిన్నుతో పొడిచి బాగుచేసింది. నన్నడిగితే ప్రపంచంలో తొలి రోడ్‌సైడ్ మెకానిక్ ఆమే.

ఆ డబ్బాతో చిక్కేమిటంటే, బండి గుంతలో పడితే ఇంధనం ఎగిరి కొలత మారిపోతుంది. ఎండకు ఆవిరి ఎక్కువ, చలికి తక్కువ. ఇంకో తంటా కూడా ఉంది. మన దిక్కు బెల్లం కాచేచోట చూసుంటారు, చెరుకుపాలు కాగేకొద్దీ నీరు పోయి చిక్కటిది మిగులుతుంది. ఇక్కడా అంతే, తేలికగా ఆవిరయ్యేది ముందే పోతుంది, అడుగున మిగిలింది ఒక పట్టాన ఆవిరి కాదు. డబ్బాలో ఇంధనం ఉంటుంది, ఇంజన్ మాత్రం పలకదు.

1893లో జర్మనీలో విల్‌హెల్మ్ మేబాక్ దారి మార్చాడు. ఇంధనం ఆవిరయ్యేదాకా కాచుకోకుండా, జెట్ అనే సన్నని రంధ్రంలోంచి గాలిదారిలోకి తుంపరగా చిమ్మించాడు. హంగరీవాళ్లు బాంకి, చోంకా కూడా అదే ఏడాది అలాంటిదానికే పేటెంట్ తీసుకున్నారు, మావాళ్లే ముందని హంగరీలో ఇప్పటికీ అంటారు. ఆ తుంపర కార్బొరేటర్‌లో నాకు నచ్చేది ఫ్లోట్. మీ ఫ్లష్ ట్యాంకులో తేలే బంతి ఉంది చూడండి, అదే! ఇంధనం మట్టం ఎప్పుడూ ఒకేచోట ఉంచుతుంది. మీ బుల్లెట్టులో ఇవాళ్టికీ అదే పని చేస్తోంది.

తుంపరతోనూ పీడ వదల్లేదు. ఇంజన్ వేగం పెరిగేకొద్దీ గాలి కంటే పెట్రోలు ఎక్కువగా లాగేస్తుంది. వేగానికి తగ్గట్టు అదనపు గాలి దానంతటదే వచ్చే ఏర్పాటు 1902లో ఫ్రాన్సులో ఆర్థర్ క్రెబ్స్ చేశాడు. ఇక చలికి చోక్ వచ్చింది. గాలిని కాస్త మూస్తే పెట్రోలు ఎక్కువ పోతుంది, అందులో ఆవిరయ్యే కొంచెమైనా అంటుకుంటుంది.

మా నాయన బావి దగ్గర కిరసనాయిలు ఇంజన్ ఉండేది. కిరసనాయిలు చల్లటి ఇంజన్‌లో ఆవిరి కాదు. అందుకని ముందు పెట్రోలుతో స్టార్ట్ చేసి, ఇంజన్ వేడెక్కాక కాక్ అనే కొళాయి తిప్పి కిరసనాయిలు వదిలేవాళ్లం. తొందరపడి ముందే తిప్పితే తెల్లపొగ కక్కి ఆగిపోయేది. వీపు మీద ఒకటి పడేది. కార్బొరేటర్ పాఠం నేను నేర్చుకుంది అక్కడే.

మీ బండి సంగతి. చలికి పెట్రోలు ఆవిరి కాక కిక్కు పలకడం లేదు. వేడెక్కాక పొగ వస్తోందంటే చోక్ తీయడం మరిచిపోతున్నారేమో ముందు చూసుకోండి. తర్వాత ఎయిర్ ఫిల్టర్. ఎత్తులో గాలి పలచన కాబట్టి కొద్దిగా పెట్రోలు ఎక్కువవడం నిజమే, దానికి కార్బొరేటర్‌లో పెట్రోలును అదుపు చేసే సూది (నీడిల్) క్లిప్పును ఒక గాడి పైకి వేయిస్తే చాలు. నాలుగు కిక్కులకు పలకకపోతే చోక్ తీసి, యాక్సిలరేటర్ మొత్తం తిప్పి రెండు కిక్కులు కొట్టండి, మింగిన పెట్రోలు పోతుంది.

బెర్తాను చూసి జెట్‌లో మాత్రం పిన్ను పెట్టొద్దు. ఆమె పొడిచింది పైపును. నేను పనికి కుదిరిన కొత్తలో ఒక స్కూటర్ జెట్‌ను ఇనుప తీగతో శుభ్రం చేశా. రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైంది. ఆ స్కూటర్ వీధి చివరిదాకా పొగ వదులుకుంటూ పోయింది, సాయంత్రానికి వెనక్కి వచ్చింది. కొత్త జెట్ నా జీతంలో పట్టుకున్నారు.

ప్రశ్న: మా కొత్త బండికి చోకే లేదు. మరిచిపోయి పెట్టలేదా? (చంద్రగిరి నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: లేదమ్మా. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 అనే పొగ కాలుష్య నిబంధనలు వచ్చాక దాదాపు అన్ని కొత్త బండ్లలో కార్బొరేటర్ పోయి ఇంజెక్షన్ వచ్చింది. ఇంజన్ వేడి, గాలి ఎంత వస్తోందీ సెన్సర్లు చెబితే, చిన్న కంప్యూటర్ పెట్రోలు కొలిచి చిమ్ముతుంది. కీ తిప్పాక పంపు గుయ్యిమనడం ఆగేదాకా రెండు సెకన్లు ఆగి స్టార్ట్ చెయ్యండి.